పాత గిటార్ శ్రుతి నిలవడం లేదా? ట్యూనర్లు పీకే ముందు ఇది చదవండి

"ట్యూనర్లు పోయాయండీ, కొత్తవి ఏవి వేయమంటారు?" పాత గిటార్ పట్టుకొచ్చేవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. ట్యూనర్లంటే తల మీద తీగలు బిగించే మరలు. పోయాయని ఎలా తెలిసిందంటే, శ్రుతి నిలవడం లేదట. నట్, అంటే మెడ కొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ, చూశారా అంటే చూడరు. తీగ ఎన్ని చుట్లు చుట్టారో, ఎలా చుట్టారో చూశారా అంటే అదీ చూడరు. ఈలోపు ఆన్‌లైన్‌లో కొత్త సెట్ తెప్పించేసి, అది పాత రంధ్రాలకు కుదరక, డ్రిల్లు చేతిలో పట్టుకుని ఫోన్ చేస్తారు. నూరేళ్ల నాటి గిటార్ తలకు కొత్త రంధ్రాలు పడితే పూడ్చగలం గానీ, కనపడకుండా చేయలేం.

ఇక్కడ రాసేది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి గిటార్ల గురించి, ఆ పద్ధతిలోనే ఒక్కో లోహపు ప్లేటుకు మూడేసి కీలతో తయారైన తర్వాతి గిటార్ల గురించి. అమెరికాలో ఉంటూ పాత సామాన్ల అమ్మకాల్లో చిన్న పార్లర్ గిటార్లు కొనుక్కునే మనవాళ్లకు, ఇంట్లో తాతగారి మాండొలిన్ ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుంది. తీగలు మార్చడం, యాప్ చూసి శ్రుతి చేయడం వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందు తల చూడండి

ఏ రకం మెకానిజం ఉందో తెలియకుండా రోగం తేల్చలేం. తల గట్టి పలకలా ఉండి, వెనక నుంచి కొయ్య బిరడాలు దూర్చి ఉంటే అది వీణ, వయొలిన్ల కుటుంబపు పద్ధతే. బిరడాకూ రంధ్రానికీ మధ్య రాపిడి తప్ప తీగను పట్టి ఉంచేది ఇంకేమీ లేదు. 17, 18 శతాబ్దాల గిటార్లు దాదాపు అన్నీ ఇలాంటివే. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో స్ట్రాడివారి 1688లో చేసిన గిటార్ ఉంది, దానికీ బిరడాలే. స్పెయిన్‌లో ఫ్లమెంకో గిటార్లకైతే తల తేలికగా ఉంటుందని 20వ శతాబ్దంలోనూ వాటినే వాడారు.

బిరడాకు మధ్యలో గేర్లు లేవు, ఒక చుట్టు తిప్పితే తీగా దాని మీద ఒక చుట్టు పడుతుంది. పేగు తీగకు ఇది సరిపోయింది, ఎందుకంటే పేగు బాగా సాగుతుంది, కొంచెం ఎక్కువ తిప్పినా శ్రుతి మరీ దూరం పోదు. లోహపు తీగ అలా సాగదు. వెంట్రుకవాసి తిప్పితే చాలు, స్వరం ఎక్కడికో పోతుంది. అందుకే మర పద్ధతి ముందుగా లోహపు తీగల వాయిద్యాలకు వచ్చింది. 18వ శతాబ్దపు లండన్‌లో ఇంగ్లీష్ గిటార్ అని పిలిచిన తీగ వాయిద్యానికి జాన్ ప్రెస్టన్ చేసిన మరల పెట్టె అలాంటిదే. గడియారానికి కీ ఇచ్చినట్టు చిన్న తాళంచెవితో తిప్పితే లోపల స్క్రూ కదిలి తీగను లాగేది. పోర్చుగీస్ గిటార్ తల మీద విసనకర్రలా పరుచుకున్న మరలు దాని సంతతే.

19వ శతాబ్దం మొదట్లో వార్మ్ (మర చుట్లున్న కడ్డీ), అది తిప్పే పళ్లచక్రం కలిసిన మెషిన్ హెడ్స్ గిటార్ మీదికి వచ్చాయి. లండన్‌లో లూయీ పనోర్మో తన గిటార్లకు బేకర్ అనే ముద్ర ఉన్న చెక్కుడు పని ఇత్తడి ప్లేట్లు వేశాడు. పారిస్‌లో రెనె లాకోట్ మెకానిజాన్ని తల లోపలే దాచాడు. వియన్నాలో యోహాన్ గెయోర్గ్ స్టాఫర్ ఆరు కీలనూ ఒకే వైపు వరసగా పెట్టి, తలను శంఖంలా ఒంపు తిప్పాడు. ఆయన దగ్గర పనిచేసిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో న్యూయార్క్ చేరి, కొన్నేళ్లకు పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడ్డాడు. తొలి మార్టిన్ గిటార్లలో ఆ వియన్నా తల కనిపిస్తుంది. తర్వాత వాటిలోనూ కొన్నింటికి కొయ్య లేదా దంతపు బిరడాలు, కొన్నింటికి తీగలు లోపలికి దిగేలా నిలువు గాళ్లు కోసిన తల, ప్లేటుకు మూడు కీలు వచ్చాయి. కాబట్టి మర ఉంటే కొత్తది, బిరడా ఉంటే పాతది అని లెక్కేసుకోకండి. రెండూ పక్కపక్కనే చాలాకాలం నడిచాయి.

శ్రుతి చేసిన కాసేపటికే దిగిపోతోంది

కారణం: పదింట తొమ్మిదిసార్లు తీగే. కొత్త నైలాన్ తీగ సాగడం ఆగడానికి కొన్ని రోజులు పడుతుంది. అసలు పేగు తీగలే వేశారా, అయితే గాలిలో తేమ మారినప్పుడల్లా శ్రుతి మారుతుంది, ట్యూనర్‌ను తిట్టి లాభం లేదు. తీగ చుట్టుకునే రోలర్ మీద చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే అవి సర్దుకుంటూ జారుతుంటాయి. తీగ కొసను తన చుట్టు కిందే ఇరికించి, పక్కపక్కన మూడు నాలుగు చుట్లు వచ్చేలా మళ్లీ వేయండి. గాళ్లు ఉన్న తలలో ఇంకొకటి చూడాలి: నట్ దాటిన తీగ గాడి ముందు అంచు కొయ్యకు రాసుకుంటూ పోతోందేమో. రాసుకుంటే అక్కడా ఇరుక్కుంటుంది.

ఇంకో అలవాటు. స్వరం ఎక్కువైతే కిందికి దించి అక్కడే వదిలేయకండి. బాగా దించి, కింద నుంచి పైకి తెచ్చి ఆపండి. గేర్లున్న ఏ ట్యూనర్‌కైనా ఇది వర్తిస్తుంది. ఈ ఒక్క అలవాటుతో బాగైపోయిన గిటార్లు బోలెడు.

ఉన్నపళంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. మార్టిన్ కంపెనీ స్టీలు తీగలను తట్టుకునేలా మామూలు ఉత్పత్తిగా గిటార్ చేయడం మొదలుపెట్టింది 1922లో. అంతకు ముందు నాటి గిటార్లలో ఎక్కువ భాగం పేగు తీగల కోసం చేసినవి. మామూలు స్టీలు సెట్ లాగుడు సుమారు 70 కిలోలు ఉంటే, నైలాన్ సెట్‌ది 40 కిలోల దగ్గర. పేగు తీగల గిటార్‌కు స్టీలు వేసి శ్రుతి నిలవడం లేదంటే, తీగ లాగుడుకు బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు కట్టే పట్టీ) లేస్తుండొచ్చు. వెంటనే దించేయండి.

తిప్పుతుంటే టింగుమంటూ ఒక్కసారిగా ఎగురుతోంది

కారణం: నట్. ఇంకెక్కడా వెతకొద్దు. కీ తిప్పితే రోలర్ వైపు తీగ బిగుస్తుంది, కానీ నట్ గాడి దాన్ని పట్టుకుని వదలదు. బిగువు పెరిగి పెరిగి ఒక్కసారిగా జారుతుంది. ఆ చప్పుడు అదే. వాయిస్తుంటే మిగిలిన బిగువు నెమ్మదిగా జారి శ్రుతి మారుతుంది, నింద మాత్రం ట్యూనర్ మీద పడుతుంది.

పరీక్ష చిటికెలో అయిపోతుంది. తీగ మీటండి, యాప్ చూడండి. నట్‌కూ రోలర్‌కూ మధ్య తీగను వేలితో ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. మళ్లీ మీటండి. స్వరం మారి అక్కడే ఉండిపోతే నట్ పట్టేస్తోందన్నమాట. ట్యూనర్ తప్పయితే ఈ పరీక్షకు లొంగదు.

పాత గిటార్లలో ఈ బాధ ఎక్కువ, దానికి కారణమూ ఉంది. ఆ నట్ గాళ్లు పేగు తీగల లావుకు కోసినవి. నైలాన్ పేగు కంటే తేలిక, కాబట్టి అదే శ్రుతికి, అదే బిగువుకు కాస్త లావైన తీగ కావాలి. ఆ లావు తీగ పాత సన్న గాడిలో పక్కల నుంచి ఇరుక్కుంటుంది. పరిష్కారం: తీగను పక్కకు తీసి, మెత్తని పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దండి. తగ్గకపోతే నట్ ఆకురాయితో పక్క గోడలు మాత్రమే రవ్వంత వెడల్పు చేసి, గాడి అడుగు తల వైపు వాలేలా చూడాలి. లోతు చేయకూడదు. లోతు పెరిగితే తీగ మొదటి ఫ్రెట్ మీద బరబరమంటుంది, అప్పుడు నట్టే మార్చాలి. నట్ పాతకాలపు ఎముకదో దంతానిదో అయితే దాన్ని పారేయకండి.

కొయ్య బిరడా జారుతోంది, లేదా మొండికేసింది

కారణం: వాతావరణం. రోహిణి కార్తెలో హైదరాబాద్ ఎండకు కొయ్య ఎండి బిరడా సన్నబడుతుంది, జారిపోతుంది. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో అదే బిరడా ఉబ్బి రంధ్రంలో బిగుసుకుంటుంది. వీణ ఉన్న ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. విదేశాల్లో చలికాలం హీటర్లు వేసిన గదిలో జరిగేదీ ఇదే.

జారుతుంటే బిరడా బయటికి తీసి చూడండి. రంధ్రానికి తగిలే చోట చుట్టూ సమానంగా మెరిసే పట్టీ కనిపించాలి. ఒకవైపే మెరుస్తుంటే రంధ్రం అండాకారమైంది. పట్టీ చుట్టూ సమానంగా ఉంటే సుద్దముక్క పొడి రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. మొండికేస్తే ఎండు సబ్బు ముక్క రాసి, మీద కాస్త సుద్ద. వయొలిన్ దుకాణాల్లో దొరికే బిరడా పేస్టు రెంటికీ పనికొస్తుంది. నూనె మాత్రం వద్దు, కొయ్య తాగిన నూనె మళ్లీ బయటికి రాదు. బిరడాలో తీగ దూర్చే రంధ్రం తల ముఖం నుంచి మరీ ముందుకు పొడుచుకొచ్చిందంటే బిరడా మరీ లోపలికి దిగింది. ఇక రాసి ప్రయోజనం లేదు, లావు బిరడా కావాలి.

రంధ్రం సాఫు చేయాలనుకుంటే ఒక మాట. ఇప్పటి వయొలిన్ బిరడాల వాలు 1:30, అంటే 30 మి.మీ. పొడవుకు 1 మి.మీ. సన్నబడుతుంది. పాత గిటార్ బిరడాల వాలు తరచు అంతకంటే ఎక్కువ. కొలవకుండా వయొలిన్ రీమర్ (రంధ్రాన్ని వాలుగా చెక్కే పనిముట్టు) దూరిస్తే ఆరు రంధ్రాలూ చెడతాయి. బిరడా రూపంలోనే ఉండి లోపల గేర్లు దాచుకున్నవి ఇప్పుడు దొరుకుతున్నాయి, వయొలిన్‌కు చేసే విట్నర్ కంపెనీ వాటి నిష్పత్తి 8.5:1, అంటే ఎనిమిదిన్నర చుట్లు తిప్పితే తీగ ఒక చుట్టు పడుతుంది. వాయించడానికి హాయే. కానీ అవి వేయాలంటే రంధ్రం మార్చాలి. మ్యూజియం విలువ ఉన్న వాయిద్యానికి నేనైతే వేయను.

కీ తిరుగుతోంది, తీగ మాత్రం ఆలస్యంగా కదులుతోంది

అసలు సంగతి ఇక్కడుంది. నన్ను అన్నింటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన రోగం ఇదే, ఎక్కువ మంచి ట్యూనర్లు చెత్తబుట్టలోకి పోయేదీ దీనివల్లే.

లక్షణం ఇలా ఉంటుంది. పైకి తిప్పుతుంటే బాగానే ఎక్కుతుంది. ఆపి వెనక్కి తిప్పితే పావు చుట్టు దాకా ఏమీ జరగదు, కీ ఖాళీగా తిరుగుతుంది, ఆ తర్వాత స్వరం ధబాల్న పడిపోతుంది. గట్టిగా స్ట్రమ్ చేస్తే కాస్త దిగుతుంది. నట్ పరీక్ష పాసైంది, తీగ చుట్లు బాగున్నాయి. చూసినవాళ్లంతా "గేర్లు అరిగిపోయాయి" అంటారు. లెన్సు పెట్టి చూస్తే పళ్లు శుభ్రంగా ఉంటాయి.

ఏం జరుగుతోందో అర్థం కావాలంటే తీగ ఎటు లాగుతోందో చూడాలి. గిటార్‌ను ఎదురుగా నిలబెట్టండి, తల కొస పైకి. తీగ రోలర్‌ను ఎప్పుడూ కిందికి, అంటే నట్ వైపు లాగుతుంది. రోలర్ చివర పళ్లచక్రం. దానికి ఆనుకుని, కీ కడ్డీ మీద వార్మ్. ఇప్పుడు వార్మ్ పళ్లచక్రానికి కింద ఉందా, పైన ఉందా? కింద ఉంటే తీగ లాగుడు చక్రాన్ని వార్మ్‌లోకి నొక్కుతుంది. బిగువు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది, ఖాళీ ఉండదు. పైన ఉంటే అదే లాగుడు చక్రాన్ని వార్మ్ నుంచి దూరంగా లాగుతుంది. రోలర్‌కు రంధ్రంలో ఎంత ఆట ఉంటే అంత ఖాళీ పళ్ల మధ్య పుడుతుంది.

ఇప్పటి ట్యూనర్లలో దాదాపు అన్నింటికీ వార్మ్ కిందే ఉంటుంది. కానీ సుమారు 1925కు ముందు చేసిన గిటార్, మాండొలిన్ ప్లేట్లలో ఎక్కువ వాటికి వార్మ్ పైన ఉండేది. అది లోపం కాదు, ఆ కాలపు తీరు. రోలర్ రంధ్రంలో బిగుతుగా, ఆట లేకుండా కూర్చున్నంతకాలం వార్మ్ ఎటున్నా బాగానే పనిచేస్తుంది. రంధ్రం అరిగితేనే తేడా తెలుస్తుంది.

కాబట్టి ఒకే లక్షణానికి మూడు వేరు వేరు కథలు ఉండొచ్చు.

మొదటిది, మోసపుచ్చేది. ఎవరో ట్యూనర్లు విప్పి, ఇత్తడి పాలిష్ చేసి, కుడి ప్లేటు ఎడమకు, ఎడమ ప్లేటు కుడికి బిగించేశారు. కుడి ప్లేటును ఎడమ పక్కకు పెట్టాలంటే దాన్ని తలకిందులుగా తిప్పక తప్పదు. దాంతో కింద ఉండాల్సిన వార్మ్ పైకి పోతుంది. చాలా ప్లేట్లలో స్క్రూ రంధ్రాలు రెండు కొసలా సమానంగా ఉంటాయి కాబట్టి ఎటు పెట్టినా అనుమానం రాకుండా పట్టేస్తుంది. పైగా బంగారంలా మెరుస్తుంటుంది! గుర్తుపట్టేది ఇలా: బిగించడానికి తిప్పాల్సిన దిశ మీ మిగతా గిటార్లకు విరుద్ధంగా ఉంటుంది. ప్లేటు మీద చెక్కిన లతలు తలకిందులుగా ఉంటాయి. ప్లేటు పక్కన కొయ్య మీద వార్నిష్ రంగు మారిన పాత నీడ కొత్త అంచుతో కలవదు, ఆ నీడలో ఎక్కడో ఒక పాత స్క్రూ రంధ్రం తొంగిచూస్తుంటుంది. నేనైతే టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తాను, నీడ గీత వెంటనే బయటపడుతుంది. పరిష్కారం ఒక స్క్రూడ్రైవర్, పావుగంట. ప్లేట్లు మార్చి బిగించండి, అంతే. ఇలాంటి ఒక గిటార్‌కు అప్పటికే రెండుసార్లు ట్యూనర్లు మార్చారు, మూడోసారి మార్చడానికి నా దగ్గరికి తెచ్చారు. కొత్తవాటిని కూడా పాతవి ఎలా ఉన్నాయో చూసి అలాగే బిగిస్తూ వచ్చారు పాపం.

రెండో కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1925కు ముందు నాటి గిటార్, వార్మ్ పైన ఉండటమే సరైన తీరు. ఎవరో ఇంటర్నెట్‌లో సగం చదివి "తప్పుగా బిగించారు" అనుకుని ప్లేట్లు అటూ ఇటూ మార్చేశారు. ఇప్పుడు వార్మ్ కిందికి వచ్చింది, పట్టు బాగానే ఉంటుంది, కానీ రోలర్లు కొయ్యలోని పాత రంధ్రాలకు సూటిగా కూర్చోవు. కీలు గట్టిగా తిరుగుతాయి, రోలర్ పక్కకు వంగి ఉంటుంది, కొన్నాళ్లకు రంధ్రం అరుగుతుంది. కొయ్య మీది నీడ, పాత స్క్రూ రంధ్రాలు ఏ తీరు చెబితే దానికే వెనక్కి వెళ్లండి. పుస్తకం చెప్పినదాని కంటే ఆ కొయ్య చెప్పేదే నమ్మండి.

మూడోది, నిజమైన అరుగుడు. ప్లేట్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి, వార్మ్ పైనే ఉంది, కానీ ఏళ్ల తరబడి తీగ లాగుడుకు రోలర్ లోపలి కొస కూర్చునే రంధ్రం నట్ వైపు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. తేల్చుకోవడం తేలిక. తీగ వదులు చేసి, రోలర్‌ను బొటనవేలితో తల కొస వైపు నొక్కి పట్టి కీ తిప్పండి. ఖాళీ మాయమైతే దోషం రంధ్రానిదే, పళ్లది కాదు. అలా నొక్కినా ఖాళీ ఉంటే అప్పుడు పళ్లచక్రం మధ్య స్క్రూ చూడండి, అది వదులైతే చక్రం రోలర్ మీద ఊగుతుంది. ఊగడం ఆగేంత వరకే బిగించండి, ఇంకా బిగిస్తే కీ తిరగదు.

అరిగిన రంధ్రానికి మందు ఏమిటంటే, దాన్ని గుండ్రంగా పెద్దది చేసి, మేపుల్ లాంటి గట్టి కొయ్య బుష్ (రంధ్రం నింపే ముక్క) సరేసుతో అతికించి, రోలర్ కొస లావుకు మళ్లీ రంధ్రం చేయడం. మూడు రోలర్లూ ఒకే ప్లేటుకు బిగించి ఉంటాయి కాబట్టి మూడు రంధ్రాలూ ఒకే గీతలో ఉండాలి. ఒకదాన్ని సరిచేసి మిగతా రెండింటికి ప్లేటు కూర్చోకపోతే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బుష్‌లు అతికించాక ప్లేటును పెట్టి గుర్తులు పెట్టుకుని, ఆ తర్వాతే డ్రిల్లు. ఇత్తడి ప్లేటులోని రంధ్రమే అరిగితే అది గిటార్ మెకానిక్ పని కాదు. మన ఊళ్లో మంచి కంసాలి సన్నటి ఇత్తడి గొట్టం ముక్క వెండి టంకంతో అతికి ఇస్తాడు, చక్కగా కుదురుతుంది. టంకం పెట్టే ముందు చక్రాలు, కీలు అన్నీ విప్పి తీసేయాలి, ఎందుకో కింద చెబుతాను.

ఇవేవీ కుదరక కొత్త ప్లేట్లే కావాలంటే, వార్మ్ పైన ఉండే పాత తీరు నకళ్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. 1925కు ముందు గిటార్‌కు అవే అడగండి.

కీ చాలా గట్టిగా తిరుగుతోంది

ఏళ్ల నాటి నూనె ఎండి బంకలా మారి ఉంటుంది. ప్లేటు విప్పి, పెట్రోలు లాంటి ద్రవంలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక పళ్ల మీద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. కడిగేటప్పుడు ప్లాస్టిక్ కీలు తడవకూడదు. తల మీద ఉండగానే స్ప్రే కొట్టొద్దు, కొయ్య పాడవుతుంది. శుభ్రం చేసినా గట్టిగానే ఉంటే ప్లేటు వంగి ఉంటుంది, లేదా బిగించిన స్క్రూలే ప్లేటును మెలి పెడుతుంటాయి. స్క్రూలన్నీ అర చుట్టు వదులు చేసి చూడండి. తేలికైతే జవాబు దొరికినట్టే.

కీ గుండీ పగిలి పొడి పొడిగా రాలుతోంది

పాత తెల్ల, పసుపు గుండీల్లో చాలావి సెల్యులాయిడ్. ఏళ్లు గడిచేకొద్దీ అది కుంచించుకుని, పగిలి, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పక్కన ఉన్న లోహం ఆకుపచ్చగా మారేది అందుకే. కొత్త గుండీలు విడిగా దొరుకుతాయి, దానికి ట్యూనర్ సెట్ మార్చక్కర్లేదు. కడ్డీని టంకం ఇనుముతో వేడి చేసి గుండీ ఎక్కించే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. కొత్త ప్లాస్టిక్ గుండీకి అది పర్వాలేదు. కడ్డీ మీద పాత సెల్యులాయిడ్ ముక్క ఒక్కటి మిగిలినా ఆ పని చేయకండి. పాతకాలపు సినిమా రీళ్లను తగలబెట్టిన పదార్థం అదే. ముందు పాతది మొత్తం గీకి తీసేయండి. టంకం పనికి కీలు విప్పమన్నది ఇందుకే.

గుండీలు దంతానివైతే, ఆ గిటార్‌తో దేశాలు దాటే ముందు అనుమతి కాగితాలు చూసుకోండి. ఏనుగు దంతం వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. వెనక పలక బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే దానికీ 1992 నుంచి ఉన్నాయి. విమానాశ్రయంలో అధికారితో పాత గిటార్ చరిత్ర వాదించి గెలిచినవాళ్లు నాకు తెలిసి లేరు.

తల వెనక బాంజో లాంటి కీలు నేరుగా పొడుచుకొచ్చాయి

1929లో మార్టిన్ మెడ మీద 14 ఫ్రెట్లు బయటికి వచ్చే ఓఎం అనే రకం గిటార్లు తెచ్చినప్పుడు మొదటి ఒకటి రెండేళ్లు వాటికి బాంజో కీలు వేసింది. లోపల చిన్న గ్రహ చక్రాలు (నడిమి చక్రం చుట్టూ తిరిగే పళ్లచక్రాలు), నిష్పత్తి 4:1. మామూలు మెషిన్ హెడ్ 14:1, 16:1 ఉండే కాలంలో పెరిగినవాళ్లకు ఇది జారుతున్నట్టే అనిపిస్తుంది. జారదు, తక్కువ తిప్పితేనే ఎక్కువ ఎక్కుతుంది, చేతిని నెమ్మది చేసుకోవాలి. నిజంగానే జారుతుంటే గుండీ కొసన ఉన్న స్క్రూ కొద్దిగా బిగించండి.

అరుదైనవి

మెడ జాయింట్ వదులు కావడం, లోపలి బ్రేసు (పలకకు ఊతమిచ్చే బద్ద) ఊడటం, తల వెనక సన్నటి చీలిక. ఇవన్నీ శ్రుతిని దించగలవు, కానీ ఆరు తీగలూ కలిసి దిగుతాయి. ఒక్క తీగే దిగుతుంటే వీటి జోలికి పోకండి. స్టాఫర్ తరహా మూత వేసిన మెకానిజం లోపల విరిగిన వార్మ్ కూడా చూడొచ్చు, దాన్ని ఇంట్లో విప్పకండి. ఆ మూత తిరిగి కూర్చోబెట్టడం అనుకున్నంత తేలిక కాదు.

మార్చక తప్పదంటే

ప్లేటు మీద ఒక రోలర్ మధ్య నుంచి పక్క రోలర్ మధ్య వరకు కొలవండి. ఇప్పటి క్లాసికల్ ప్లేట్లలో ఇది 35 మి.మీ. ఉంటుంది. పాతవాటిలో అర మిల్లీమీటరు తేడా ఉన్నా మూడో రోలర్ దగ్గరికి వచ్చేసరికి అది మిల్లీమీటరు అవుతుంది, ప్లేటు ఎక్కదు. స్కేలు పెట్టి కళ్లతో అంచనా వేయకుండా వెర్నియర్‌తో కొలవండి. రోలర్ లావు, కొస లావు, వార్మ్ పైనా కిందా అన్నదీ రాసుకుని, ఫొటో తీసి, అవి పెట్టి ఆర్డర్ చేయండి. కొత్తది పాత రంధ్రాలకే కుదరాలి. కుదరదంటే ఆ సెట్ వెనక్కి పంపండి, కొయ్యను కోయకండి. విప్పిన పాత ప్లేట్లు, చిన్న స్క్రూలతో సహా, ఒక కవర్లో పెట్టి గిటార్ కేసులోనే ఉంచండి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికి చీటీ కట్టండి. పాతవాటిలో అన్నీ ఒకే పొడవు ఉండవు, పొడవు స్క్రూ పొరపాటున మరో చోట పడితే తల ముఖం మీదికి పొడుచుకొస్తుంది.